ముందు చక్రాల కారు, వెనక రెండు బస్తాలు

మా ఇంటికి చేరాలంటే కాలవ దాటాలి. కాలవ దాటడానికి ఉన్నది ఒకటే వంతెన. భీమవరం నుంచి వచ్చేటప్పుడు కాలవ వెంబడే గట్టు రోడ్డు మీద వచ్చి, వంతెన దగ్గర కుడివైపు గట్టిగా తిరగాలి. తిరుగుతూనే పైకి ఎక్కాలి. పైన ఎడమవైపు పిట్టగోడ కొంతమేర విరిగిపోయి ఉంది. అక్కడ ఎవరో పుణ్యాత్ములు రెండు తాటి దుంగలు అడ్డం వేశారు. దుంగల అవతల నీళ్లే. పోయిన వర్షాకాలం అంతా నా ప్రాణం ఆ మలుపు దగ్గరే ఉండిపోయింది. పొయ్యి దగ్గర పోపు వేస్తున్నా, దేవుడి గదిలో వత్తులు చేస్తున్నా, నా కుడి పాదం దానంతటదే నేలని నొక్కేది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎందుకు లేచానో తెలిసేది కాదు.

మావారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఉదయం తీసుకెళ్లి, నాలుగు గంటలు అక్కడే కూర్చుని, మధ్యాహ్నం దాటాక తీసుకురావాలి. వానాకాలంలో మా గట్టు మీదికి ఆటోలు రావు. డ్రైవరుని పెట్టుకుందామని చూశాం. ఒకాయన పదిరోజులు చేసి, రోజంతా ఆసుపత్రి ముందు కూర్చోవడం తన వల్ల కాదని మానేశాడు. అంచేత కారు నా చేతికొచ్చింది. మా మరిదిగారి ఇల్లు భీమవరంలోనే, ఆసుపత్రికి పది నిమిషాల దూరం. అన్నయ్యని తన దగ్గరే ఉంచుకుంటానని ఆయన మొదటినుంచీ అంటున్నారు. మంచి మనసుతోనే అంటున్నారు. కానీ మావారికి రొయ్యల చెరువులు చూడకపోతే తెల్లారదు. పెళ్లయిన ముప్పై ఏళ్లలో వారం రోజులు విడిగా ఉన్నది లేదు. నేను కారు సరిగ్గా నడిపితే ఆయన ఇంట్లో ఉంటారు, నడపలేకపోతే తమ్ముడి ఇంట్లో ఉంటారు. విషయం అంత తేలిక, అంత బరువు.

నేను బడికి వెళ్లినదాన్ని కాను. మా పుట్టింటి ఊళ్లో బడికి పడవ దాటి వెళ్లాలి. మా నానమ్మకి అది ససేమిరా ఇష్టం లేదు. నాన్నగారే సాయంత్రాలు అరుగు మీద కూర్చోబెట్టి పంచాంగంతో, పేపరుతో, ఎరువుల సంచుల మీది అక్షరాలతో చదువు చెప్పారు. అందుకని ఏ విద్య అయినా ఇంట్లో పెద్దవాళ్లు నేర్పితే వస్తుంది, వాళ్లు చెప్పింది చెప్పినట్టు చేస్తే నిలబడుతుంది అని నాలో ఒక నమ్మకం పాతుకుపోయింది. కారు నడపడమూ అలాగే వచ్చింది. మావారే గురువు. మా పాత వ్యాన్‌లో, చెరువు గట్ల మీద నేర్పారు.

ఆ వ్యాన్‌కి ఇంజను ముందు సీట్ల కింద. ఎండాకాలం కూర్చుంటే నడుం కాలిపోయేది. బండిని తోసేవి మాత్రం వెనక చక్రాలు. వెనక ఖాళీగా ఉంటే బరువు చాలక ఆ చక్రాలు బంకమట్టిలో పట్టు దొరక్క తిరిగేవి. మలుపులో ఎక్సలేటర్ కాస్త గట్టిగా తొక్కితే తోక పక్కకి విసిరేది.

"తోక ఎటు జారుతోందో అటే స్టీరింగు తిప్పు," అనేవారు మావారు. "కాలు మెల్లిగా తియ్యి. బ్రేకు మీద పడ్డావా, ఇవాళ రొయ్యలకి మేత మనమే."

ఇంకో పాఠం కూడా చెప్పారు. అది ఆయన కనిపెట్టింది కాదు, మా చుట్టుపక్కల గట్ల మీద అందరూ చేసేదే. తొలకరి పడగానే వ్యాన్ వెనక రెండు మేత బస్తాలు వేసేసేవాళ్లు. వానలు తగ్గేదాకా అవి అక్కడే. ఆ బరువుకి వెనక చక్రాలు నేలని అదిమి పట్టుకునేవి. ఎంత బురదలోనైనా బండి బుద్ధిగా ఎక్కేది. నాకైతే వర్షాకాలమంటే బస్తాలు, బస్తాలంటే భద్రం అన్నట్టుండేది.

డయాలసిస్ మొదలయ్యాక వ్యాన్ కుదుపులకి ఆయన తట్టుకోలేకపోయారు. దాన్ని అమ్మి మెత్తటి కారు కొన్నాం. సీట్లు మెత్తన, ఏసీ చల్లన, చప్పుడే లేదు. అమ్మవారి గుడి ముందు పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకున్నాం. ఈ కారుని లాగేవి ముందు చక్రాలని మాకెవరూ చెప్పలేదు. చెప్పినా అప్పుడు అదేదో ఇంజను సంగతిలే అనుకునేదాన్ని. వానలు పడగానే మావారు అలవాటు ప్రకారం, "డిక్కీలో రెండు బస్తాలు వేయించు," అన్నారు. వేయించాను.

ఆ నెలలోనే వంతెనకి ఇవతల కొత్త చెరువులు తవ్వడం మొదలుపెట్టారు. టిప్పర్లు మట్టి మోసుకెళుతూ రోడ్డంతా రాల్చేవి. నల్లమట్టి మీద వాన పడితే ఎలా ఉంటుందో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. వెన్న రాసినట్టే.

మొదటిసారి జారిన రోజు సన్నగా జల్లు పడుతోంది. ఆయన డయాలసిస్ అలసటతో ఎప్పటిలాగే వెనక సీట్లో పడుకున్నారు. నేను మలుపు తిప్పి, ఎత్తు ఎక్కాలి కదా అని ఎక్సలేటర్ నొక్కాను. స్టీరింగు కుడివైపే తిరిగి ఉంది, కారు మాత్రం తిన్నగా పోతోంది. వ్యాన్ జారితే వెనక నుంచి ఎవరో చెయ్యిపట్టి లాగినట్టు ఒళ్లంతా తెలిసేది. ఇక్కడ ఏమీ తెలియలేదు. స్టీరింగు చేతిలో ఒక్కసారి తేలికైపోయిందంతే. తోక జారలేదు, మరి ఎటు తిప్పాలి? నాకొచ్చిన చదువంతా తోక గురించే. భయంతో ఇంకా తిప్పాను, ఇంకా నొక్కాను. కారు ముక్కు వెళ్లి తాటి దుంగకి ఆనుకుని ఆగింది.

వెనక నుంచి మావారు లేచి, "ఏమైంది?" అన్నారు.

"వంతెన వచ్చిందండి," అన్నాను. కారు వెనక్కి తీసి, మెల్లిగా మళ్లీ తిప్పి ఎలాగో ఇల్లు చేర్చాను.

మర్నాటికల్లా మరిదిగారికి తెలిసిపోయింది. మా గట్టు మీద కారు తుమ్మితే భీమవరంలో చిరంజీవ అంటారు. ఫోన్ చేశారు.

"వదినగారూ, మిమ్మల్నేం అనట్లేదండి. మధ్యాహ్నానికి మీరూ అలిసిపోతారు. కింద గదిలో మంచం వేయించేశాను. అన్నయ్యని పంపించేయండి."

"ఒక్కసారేనండి జారింది. మట్టి..."

"కాలవ కూడా ఒక్కసారే వస్తుందండి," అన్నారు. ఆ తర్వాత తనే కాస్త తగ్గి, "ఎల్లుండి ఆసుపత్రికి వస్తాను. వచ్చేటప్పుడు మీ కారులోనే వస్తాను. చూస్తాను. మళ్లీ జారిందా, అట్నుంచి అటే మా ఇంటికి," అన్నారు.

ఆ రెండు రోజులు నేను ఇంట్లో ఉన్నానన్న మాటే గాని లేను. అన్నం వార్చడం మర్చిపోయాను. స్తోత్రం మొదలుపెట్టి సగంలో ఎక్కడున్నానో తెలియక మళ్లీ మొదటికొచ్చేదాన్ని. అమ్మా, నా చేతుల్లో లోపమా, నా బుద్ధిలో లోపమా అని అమ్మవారిని అడిగాను. చివరికి కూర్చోలేక రెండో రోజు పొద్దున్నే గొడుగు వేసుకుని వంతెన దగ్గరికి నడిచాను.

కారు జారిన గుర్తులు ఇంకా ఉన్నాయి. వ్యాన్ గుర్తులు నాకు బాగా తెలుసు. తోక విసిరినప్పుడు వెనక చక్రం చీపురుతో ఊడ్చినట్టు మట్టిని పక్కకి తోసేది. ఇక్కడ వెనక చక్రాలు ఏ తప్పూ చెయ్యలేదు, ముందువాటి వెంట బుద్ధిగా వచ్చాయి. ముందు చక్రాలే గుంటలు తవ్వాయి. గీత తిన్నగా ఉంది, మట్టి పక్కకి కుప్పగా లేచింది. చక్రం కుడికి తిరిగి ఉండి కూడా తిన్నగానే పోయిందన్నమాట. వంగి చూస్తూ ఉండిపోయాను.

చేపల ఐసు తీసుకెళ్లే వ్యాన్ ఒకటి వచ్చి ఆగింది. నడిపేది యాభై ఏళ్ల మనిషి, తలకి తువ్వాలు.

"ఏంటండి అమ్మగారూ, ఏమైనా పడిపోయిందా? చెవి దిద్దా?"

"దిద్దు కాదు అన్నయ్యా, కారు పడబోయింది."

ఆయన దిగొచ్చి గొంతుక్కూర్చుని ఆ గీతల్ని ఎంతో శ్రద్ధగా చూశాడు. "ముందు చక్రాలు లాగే బండి కదండి మీది?"

"అంటే?"

"నా వ్యాన్‌ని వెనక చక్రాలు తోస్తాయండి. ముందువాటికి తిరగడమే పని. మీదానికి అలా కాదు. లాగాల్సిందీ ముందువే, తిరగాల్సిందీ ముందువే. ఎక్కేటప్పుడు గట్టిగా నొక్కారనుకోండి, చక్రం పట్టు తప్పి ఉన్నచోటే గిరగిరా తిరుగుద్ది. అలా తిరిగే చక్రం ఇంక మీ స్టీరింగు మాట వినదు. తిన్నగా పోద్ది." చేత్తో కాలవ వైపు చూపించాడు. "డిక్కీలో ఏమన్నా బరువుందాండి?"

"రెండు మేత బస్తాలు."

ఆయన పకపకా నవ్వాడు. "ఎవరండి ఆ మహానుభావుడు, పెట్టమంది?"

"మావారు."

నవ్వు ఆగిపోయింది. తువ్వాలు సర్దుకున్నాడు. "నా వ్యాన్‌కైతే అయ్యగారు చెప్పింది కరెక్టేనండి. మీ కారుకే కుదరదు. ఎత్తు ఎక్కేటప్పుడు బరువంతా ఎలాగూ వెనక్కి పోద్ది. డిక్కీలో బస్తాలు కూడా ఉంటే ముందు చక్రాలు తేలిపోవాండి? మరి అయ్యగారు ఎక్కడ కూర్చుంటారు?"

"వచ్చేటప్పుడు వెనక సీట్లో పడుకుంటారు."

"అయితే మూడు బస్తాలు," అనేసి నాలిక్కరుచుకున్నాడు.

నాకు ఎన్నాళ్ల తర్వాతో నవ్వొచ్చింది. ఎలా తిప్పాలో అడిగాను. మలుపు రాకముందే వేగం తగ్గించేయమన్నాడు. తిరిగేటప్పుడు కాలు గుడ్డు మీద పెట్టినట్టు పెట్టమన్నాడు. అప్పటికీ ముక్కు తిన్నగా పోతుంటే ఇంకా తిప్పొద్దు, ఇంకా నొక్కొద్దు అన్నాడు. కాలు కాస్త ఎత్తి, స్టీరింగు కూడా కాస్త వెనక్కి వదిలితే చక్రం మళ్లీ నేలని పట్టుకుంటుంది, అప్పుడు తిప్పుకోవాలి.

"కాలవ కనిపిస్తుంటే స్టీరింగు కాలవ వైపు వదలడమా?"

"కొంచెమేనండి. అక్కడే అందరికీ గుండె చాలదు," అని వ్యాన్ ఎక్కి వెళ్లిపోయాడు. ఆయన పేరు అడగలేదు. ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు ఐసు వ్యాన్ అన్నయ్య అనే తలుచుకుంటాను.

ఇంటికొచ్చానన్న మాటే గాని ఈ సంగతి మావారికి చెప్పడానికి నోరు రాలేదు. ఒంట్లో శక్తి పోయాక ఆయనకి మిగిలినవి ఇలాంటి మాటలే కదా, బస్తాలు వెయ్యి, గేరు మార్చు, చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్ వెయ్యి అని. అది కూడా తప్పని చెప్పనా? పైగా రోగంతో ఆయనకి కోపం ఎక్కువైంది. మర్నాడు ఆయన స్నానానికి వెళ్లినప్పుడు డిక్కీ తెరిచి రెండు బస్తాలూ నేనే ఈడ్చి షెడ్డులో పెట్టాను. ముప్పై ఏళ్లలో ఆయనకి తెలియకుండా చేసిన పని అదొక్కటే. కారు కదిలిన దగ్గర్నుంచి ఆయన ఎప్పుడు అడుగుతారో అని ఎదురుచూస్తూనే నడిపాను.

ఆయన అడగలేదు. పైగా ఊళ్లోకి వెళ్లే మలుపు దగ్గర, "ఇవాళ బండి బాగా తిరుగుతోందే. అదీ బస్తాల మహిమ," అన్నారు.

ఆసుపత్రిలో సూదులు గుచ్చి, మెషిన్ తిరగడం మొదలయ్యాక ఆయన పక్కన కుర్చీలో కూర్చున్నాను. జపమాల చేతిలో ఉంది గాని పూసలు కదలడం లేదు. అబద్ధం ఒళ్లో పెట్టుకుని ఏ నామం జపిస్తాను?

"ఏవండీ, బస్తాలు తీసేశాను," అన్నాను.

"ఎక్కడివి?"

"కారులోవి. పొద్దున్న. ఈ కారుకి అవి ఉండకూడదటండి." ఐసు వ్యాన్ ఆయన చెప్పినదంతా, నేను చూసిన గీతలతో సహా, గబగబా చెప్పేశాను. మూడో బస్తా మాట మాత్రం చెప్పలేదు.

"నన్నడక్కుండా తీసేశావు."

"తప్పేనండి."

"ఐసు వ్యాన్ వాడి మాట మీద."

ఆయన మొహం మెషిన్ వైపు తిప్పుకున్నారు. నర్సమ్మ వచ్చి బీపీ చూసి, "కోపంగా ఉన్నారా నాన్నగారూ? కొంచెం ఎక్కువుంది," అంది. ఆ పిల్లకీ దేవుడు మేలు చెయ్యాలి. ఎవరి బీపీ ఎందుకు పెరిగిందో ముఖం చూసి చెప్పేస్తుంది.

చాలాసేపటికి ఆయన అటే చూస్తూ, తనలో తను అనుకుంటున్నట్టు అన్నారు. "మా నాన్న ధాన్యం బండి కట్టేటప్పుడు బస్తాలు వెనక్కి వెయ్యనిచ్చేవాడు కాదు."

"ఏవండీ?"

"వెనక బరువెక్కువైతే కాడి లేచిపోద్ది. ఎద్దు మెడ మీద బరువు లేకపోతే ఎద్దు దేన్ని లాగుతుంది? కాళ్లు జారిపోతుంటే కొట్టి ఏం లాభం." ఆగారు. ఇటు తిరిగి నన్ను చూశారు. "ఈ కారుకి ఎద్దులు ముందున్నాయన్నమాట."

"ఆ, అంతేనండి."

"మరి నేనెందుకు వెనకాల పడుకుంటున్నాను?"

మూడో బస్తా సంగతి ఎవరూ ఆయనకి చెప్పక్కర్లేకపోయింది. నా కళ్లు నిండాయి. "ఏడవకు, నాలోంచి రెండు కిలోల నీళ్లు తీశారు, ఒంట్లో ఉన్న బరువు కూడా తగ్గింది," అన్నారు.

మరిదిగారు చెప్పినట్టే వచ్చారు. బయట వాన గట్టిపడింది. అన్నయ్య ముందు సీట్లో కూర్చోవడం చూసి, "నువ్వు పడుకోవాలి కదా అన్నయ్యా," అంటే, "నువ్వు పడుకోరా వెనకాల," అన్నారు మావారు. గట్టు రోడ్డు పొడుగునా మరిదిగారు రెండు సీట్ల మధ్యలోంచి తల పెట్టి రోడ్డుని చూస్తూనే ఉన్నారు.

వంతెన ఇంకా కొంచెం దూరం ఉందనగా మావారు ఆపమన్నారు. "ఒరేయ్, దిగు."

"ఎక్కడికి?"

"నడిచి వంతెన ఎక్కు. ఒడ్డూ పొడుగూ ఉన్నావు, వెనక కూర్చుంటే ముందు తేలిపోద్ది."

"ఈ వానలోనా? అన్నయ్యా, నీకు మతి ఉందా?"

"ఇద్దరం దిగుదామంటే నాకు ఓపిక లేదు. దిగు."

ఆయన దిగారు. చెప్పులు బురదలో కూరుకుపోతుంటే తీసి చేత్తో పట్టుకున్నారు. గొడుగు లేదు. నా పక్కన మావారు సీటు బెల్టు బిగించుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నారు. నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

రెండో గేరులో, నడక వేగంలో మలుపు మొదలుపెట్టాను. కారు తిరిగింది. ఎత్తు మొదలైంది. కాలు కాస్త బరువైందేమో, సగంలో స్టీరింగు మళ్లీ అలాగే తేలికైంది. ముక్కు దుంగల వైపు బయల్దేరింది. దుంగ మీద మొన్న పెచ్చు ఊడిన మచ్చ కూడా కనిపిస్తోంది, అది నేను చేసిందే. నా చేతులు ఇంకా తిప్పమంటున్నాయి. అమ్మా అనుకుని కాలు ఎత్తాను. స్టీరింగు నీళ్ల వైపు వెంట్రుకవాసి వదిలాను. ఎంతసేపో తెలియదు. చక్రాలు నేలని కరుచుకున్న బరువు అరచేతుల్లోకి వచ్చింది. అప్పుడు తిప్పాను. కారు బుద్ధిగా తిరిగి వంతెన మీదికి ఎక్కింది.

వంతెన మధ్యలో ఆపాను. మావారు అద్దం దించి వెనక్కి చూశారు. మరిదిగారు చెప్పులు చేత్తో పట్టుకుని, పంచె పైకి కట్టుకుని, జారుతూ ఆగుతూ ఎక్కొస్తున్నారు.

"ఎలా ఉందిరా?"

"కారుకంటే నేనే ఎక్కువ జారాను అన్నయ్యా." ఆయన కిటికీ పట్టుకుని ఊపిరి పీల్చుకున్నారు. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. నా వైపు చూడకుండా, "మొన్న మిమ్మల్ని చూడ్డానికి వచ్చినప్పుడు ఇక్కడే నా కారు కూడా జారిందండి వదినగారూ. ఎవరికీ చెప్పలేదు," అన్నారు.

"డిక్కీలో ఏముందేంట్రా?" అని మావారు అడిగారు.

"మా ఆవిడ పంపిన బియ్యం బస్తా. మీకే."

మావారు నవ్వడం మొదలుపెట్టి ఆయాసం వచ్చేదాకా నవ్వారు. మరిదిగారు కారెక్కి, తడి బట్టలతో సీటు పాడవుతుందని అంచున కూర్చున్నారు. "ఆ మంచం తీయించేస్తాలెండి, గదికి అడ్డం," అన్నారు.

వంతెన దిగితే మా ఇల్లు. ఇద్దరూ దిగి లోపలికి వెళ్లిపోయారు. దేవుడికి అక్కడే దండం పెట్టుకుందామనుకున్నాను గాని, స్టీరింగు మీంచి చేతులు తీయడానికి నాకు చాలాసేపు పట్టింది.